ఆటస్థలంలో హఠాత్తుగా వచ్చే మోకాలి నొప్పి

కొన్ని సంవత్సరాల క్రిందట జరిగిన అంతర కళాశాలల కబడ్డీ పోటీలో మా జట్టు మిత్రుడొకడు కూతకు వెళ్ళినాడు. ప్రత్యర్థిని తాకి, నడిమి గీత వైపు చివాలున మళ్ళినాడు. ఎవరూ అతనిని పట్టలేదు, ఎవరూ త్రోయలేదు. అయినా మోకాలు పట్టుకొని కూలబడినాడు. లోపల ఏదో 'టప్'మన్నదని చెప్పినాడు. మేమందరమూ చుట్టూ మూగినాము. ఒకరము కాలు పట్టి లాగినాము, ఒకరము నొప్పుల తైలం తెచ్చి గట్టిగా మర్దించినాము, మరొకరము "ఏమీ కాలేదు, లే" అని భుజం తట్టినాము. పది నిమిషాలకు నొప్పి కొంత తగ్గగా అతడు లేచి రెండవ భాగం ఆడినాడు; మరల పడినాడు. ఆనాటి పోటీలో మేము గెలిచినాము. అతడు మాత్రం ఆ తరువాత మా కళాశాల తరఫున బరిలో దిగలేదు.

మిత్రునికి మేలు చేస్తున్నామనుకొని మేము చేసిన పనులలో ఒక్కటి కూడా చేయదగినది కాదని ఆ పిదప వైద్యుని ముఖతః తెలిసినది. అందరమూ చదువుకొంటున్నవారమే. మోకాలి ఎముకల పేర్లు జీవశాస్త్రపు పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారము కూడా మాలో ఉన్నారు. అయినా ఆ చదువు ఆనాడు అక్కరకు రాలేదు. మా వంటి పొరపాటు మరొకరు చేయకూడదనే ఉద్దేశంతో, ఆ తరువాత తెలుసుకొన్న విషయాలను ఈ వార్షిక సంచిక ద్వారా విద్యార్థి సోదరీ సోదరుల ముందు, కళాశాల పాలకవర్గ పెద్దల ముందు ఉంచుతున్నాము.

మోకాలి నిర్మాణము

మన శరీరంలోని కీళ్ళలో మోకాలు మిక్కిలి పెద్దది. పైనుండి తొడ ఎముక, క్రిందినుండి అంతర్జంఘిక వచ్చి ఇక్కడ కలుస్తున్నాయి. ముందు భాగాన మోకాలి చిప్ప కాపుగా ఉన్నది. తొడ ఎముక కొన గుండ్రంగా ఉంటుంది; అంతర్జంఘిక పైభాగం ఇంచుమించు చదునుగా ఉంటుంది. బల్లపై గుండ్రని వస్తువును నిలబెట్టినట్లే ఈ అమరిక. తుంటి కీలులో బంతి వంటి ఎముక గిన్నె వంటి గుంటలో లోతుగా ఇమిడి ఉన్నది. మోకాలికి అటువంటి గుంట లేదు. కనుక దాని నిలుకడ అంతా ఎముకలను కట్టి ఉంచే సంధిబంధనాల పైన, చుట్టూ ఉన్న కండరాల పైన ఆధారపడి ఉన్నది.

సంధిబంధనాలనే వాడుకలో లిగమెంట్లు అంటున్నారు. మోకాలికి ముఖ్యమైనవి నాలుగు. లోపలి ప్రక్కన ఒకటి, వెలుపలి ప్రక్కన ఒకటి ఉండి మోకాలు ప్రక్కలకు విరగకుండా కాపాడుతున్నాయి. కీలు మధ్య భాగంలో రెండు లిగమెంట్లు కత్తెర వలె ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి. వీటిలో ముందుదానిని యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్ అంటారు. క్రీడాకారుల నోట ఇది 'ఏ.సి.ఎల్.' అయినది. అంతర్జంఘిక ముందుకు జారిపోకుండాను, కాలు మెలిపడకుండాను ఇది కాపలా కాస్తున్నది. వెనుకది అంతర్జంఘిక వెనుకకు జారకుండా ఆపుతున్నది.

రెండు ఎముకల నడుమ నెలవంక ఆకారంలో రెండు మెత్తలు ఉన్నాయి. వీటిని మెనిస్కస్‌లు అంటారు. పైనుండి పడే బరువును ఇవి కీలు అంతటా పరచి అదరును తగ్గిస్తున్నాయి. సామాన్యంగా నడిచేటప్పుడే మోకాలిపై శరీరపు బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతున్నది. పరుగెత్తినపుడు, ఎగిరి దిగినపుడు అది ఇంకను హెచ్చుతున్నది. ఈ మెత్తల విలువ దీనినిబట్టి గ్రహించవచ్చును. వెనుకటి రోజులలో చిరిగిన మెనిస్కస్‌ను పూర్తిగా తీసివేసేవారు. అట్లు తీసివేసిన మోకాళ్ళలో కాలక్రమాన అరుగుదల గుర్తులు కనిపిస్తున్నాయని ఫెయిర్‌బ్యాంక్ అనే వైద్యుడు 1948లో ప్రకటించినాడు. నేడు వీలైనంత వరకు దానిని కుట్టి నిలపడానికే శస్త్రవైద్యులు ప్రయత్నిస్తున్నారు. అంచు భాగానికి రక్తప్రసారం ఉన్నందున అక్కడి చిరుగు అతుకుకొనే అవకాశం ఎక్కువ. లోపలి భాగానికి రక్తం అందదు గనుక ఆ అవకాశం తక్కువ.

హఠాత్తుగా నొప్పి వచ్చే సందర్భాలు

నొప్పి ఏ విధంగా వచ్చినదో గుర్తు పెట్టుకొంటే సగం రోగనిర్ణయం జరిగినట్లే. పడినవాడు నొప్పిలో అన్నీ గమనించలేడు. కనుక ప్రక్కనున్నవారు చూడవలసి ఉన్నది.

మొదటిది ఏ.సి.ఎల్. తెగడం. వేగంగా పరుగెత్తుతూ హఠాత్తుగా ఆగినపుడు, పాదం నేలకు అతుక్కొని ఉండగా దేహం మళ్ళినపుడు, ఎగిరి ఒంటికాలిపై దిగినపుడు ఇది సంభవిస్తున్నది. ఇతరులు ఢీకొనకుండానే జరగడం దీని విశేషం. కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటలలో ఇటువంటి కదలికలు క్షణక్షణమూ ఉన్నాయి. 'టప్'మని శబ్దం వచ్చినట్లు తోచడం, ఒకటి రెండు గంటలలోనే మోకాలు బాగా వాచడం, కాలు మోపితే మోకాలు పట్టు తప్పినట్లు ఉండడం దీని గుర్తులు. అంత త్వరగా వాపు రావడానికి కారణం కీలు లోపల రక్తం చేరడమే. మా మిత్రునికి జరిగినది ఇదే. మొదట నొప్పి తగ్గడం చూసి మేము మోసపోయినాము. తెగిన లిగమెంటుతో కూడా మనిషి కొద్ది అడుగులు నడవగలడు. కాని కాపలా లేని కీలు రెండవసారి మెలిపడినపుడు మెనిస్కస్ కూడా చిరిగే ప్రమాదం ఉన్నది.

రెండవది మెనిస్కస్ చిరగడం. వంగిన మోకాలిపై బరువు ఉంచి మెలితిరిగినపుడు ఇది జరుగుతున్నది. దీని వాపు నెమ్మదిగా, ఒక రోజు గడిచేసరికి కనబడుతుంది. కీలు గీత వెంట ఒకే చోట నొప్పి ఉంటుంది. చిరిగిన ముక్క అడ్డుపడినపుడు మోకాలు సగంలో బిగుసుకొనిపోయి చాపడానికి రాదు. అటువంటి మోకాలిని బలవంతంగా లాగి చాపరాదు.

మూడవది లోపలి ప్రక్క లిగమెంటుకు దెబ్బ. వెలుపలి వైపు నుండి ఎవరైనా వచ్చి మోకాలిని ఢీకొన్నపుడు ఇది సాగడమో తెగడమో జరుగుతుంది. మోకాలి లోపలి ప్రక్కన నొప్పి ఉంటుంది. ఇది సాధారణంగా శస్త్రచికిత్స లేకుండానే, పట్టీతోను వ్యాయామంతోను నయమవుతుంది.

నాలుగవది మోకాలి చిప్ప తొలగడం. యువతీ యువకులలో ఇది తరచుగా కనిపిస్తున్నది. చిప్ప వెలుపలి ప్రక్కకు జరిగిపోయి మోకాలి ఆకారమే మారినట్లు కానవస్తుంది. కొన్నిసార్లు కాలు చాపగానే అదే తన చోటికి వచ్చివేస్తుంది. రాని పక్షంలో తెలియనివారు చేతితో నెట్టరాదు. ఉన్న భంగిమలోనే కాలికి ఊతం ఇచ్చి ఆసుపత్రికి చేర్చవలెను. తనంతట తాను సర్దుకొన్నప్పటికీ వైద్యునికి చూపడం అవసరం.

ఇవి కాక వంగిన మోకాలిపై బోర్లా పడినపుడు వెనుక క్రూసియేట్ లిగమెంటు దెబ్బతినవచ్చును. ఎదిగే వయసు పిల్లలలో మోకాలి చిప్పకు దిగువన ఎముక బొడిపె నొప్పి పెట్టడం కలదు. దీనిని ఆస్‌గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు వైద్యులు 1903లో వేరువేరుగా వర్ణించినారు. దుముకుడు ఆటలు ఎక్కువగా ఆడేవారికి చిప్ప క్రింది స్నాయుబంధనం నొప్పి పెట్టవచ్చును. ఈ రెండూ సాధారణంగా నెమ్మదిగా మొదలై, ఆట ఎక్కువైన రోజున హఠాత్తుగా పైకి వస్తాయి. ఆటభారం తగ్గించి, క్రమంగా కండరాలకు బలం చేకూర్చితే తగ్గుతాయి.

మొదటి పది నిమిషాలు, మొదటి మూడు రోజులు

ఆట వెంటనే ఆపవలెను. ఇదే అన్నింటికంటె ముఖ్యమైన చికిత్స; దీనికి పైసా ఖర్చు లేదు. గాయపడినవానిని నడిపించక, ఇరువురు భుజాలిచ్చి గాని స్ట్రెచరు మీద గాని తీసుకొని వెళ్ళవలెను. కాలు లాగడం, విరవడం, తైలంతో మర్దించడం, వేడి కాపడం పెట్టడం మొదటి రెండు మూడు రోజులు పనికిరావు. లోపల రక్తం స్రవిస్తుండగా వేడి, మర్దన దానిని హెచ్చిస్తాయి.

మంచు ముక్కలను ప్లాస్టిక్ సంచిలో వేసి, తడి తువాలు చుట్టి, మోకాలిపై 15 నుండి 20 నిమిషాలు ఉంచవచ్చును. రెండు మూడు గంటలకొకసారి మరల చేయవచ్చును. చర్మానికి నేరుగా మంచు తగిలించరాదు. తరువాత క్రేప్ బ్యాండేజీని క్రిందినుండి పైకి ఒత్తుగా, బిగువు కాకుండా చుట్టవలెను. వ్రేళ్ళు నీలిరంగు తిరిగినా, తిమ్మిరి పట్టినా వెంటనే వదులు చేయవలెను. పడుకొన్నపుడు పిక్క క్రింద దిండ్లు పెట్టి కాలును గుండె కంటె ఎత్తున ఉంచితే వాపు తగ్గడానికి తోడ్పడుతుంది.

విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తు అనే ఈ నాలుగింటి సూత్రాన్ని అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో ప్రచారంలోకి తెచ్చినాడు. మంచు, పూర్తి విశ్రాంతి గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని 2014లో ఆయనే తన మాట సవరించుకొన్నాడు. మంచు నొప్పిని తగ్గిస్తుంది, గాయాన్ని మాన్పదు. కనుక నొప్పి ఉపశమనానికి మొదటి గంటలలో కొద్దిసేపు వాడడమే మేలు. అట్లే వారాల తరబడి మంచం పట్టడం కూడా తగదు. తీవ్రమైన గాయం కాదని వైద్యుడు చెప్పిన పిదప, కొద్ది రోజులలోనే నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు కాలు కదపడం మొదలుపెట్టవలెనని నేటి వైద్యుల అభిప్రాయం.

నొప్పి మాత్ర మ్రింగి ఆటకు దిగడం మాత్రం ఎంతమాత్రమూ కూడదు. నొప్పి మన శరీరపు కావలివాడు. వాని నోరు మూసి ఇంటి తలుపులు తెరచి ఉంచినట్లవుతుంది.

వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్ళవలెను?

పాదం చల్లబడి, పాలిపోయి, స్పర్శ తెలియకపోతే రక్తనాళానికి దెబ్బ తగిలినట్లు అనుమానించి క్షణం ఆలస్యం చేయక పెద్ద ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలెను. మోకాలు వంకర తిరిగినా, జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడి వేడెక్కి వాచినా అత్యవసరమే. 'టప్'మన్న శబ్దం, రెండు గంటలలో వాపు, పట్టు తప్పడం, బిగుసుకొనిపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎముకల వైద్యుని కలవవలెను. ఆటతో సంబంధం లేకుండా రాత్రులలో నిద్ర లేపే నొప్పిని సైతం ఉపేక్షించరాదు. కొందరు పిల్లలలో తుంటి కీలు జబ్బు మోకాలి నొప్పిగా కనబడుతుందని కూడా గుర్తుంచుకోవలెను.

ఎక్స్‌రే ఎవరికి అవసరమో తేల్చడానికి కెనడాలోని ఒట్టావా వైద్యులు 1995లో కొన్ని నియమాలు ప్రకటించినారు. విద్యార్థి వయసువారికి వర్తించేవి నాలుగు: మోకాలి చిప్ప ఒక్కదానిని నొక్కితే నొప్పి ఉండడం, మోకాలి వెలుపలి ప్రక్కన బహిర్జంఘిక తలపై నొప్పి ఉండడం, మోకాలు 90 డిగ్రీలు వంచలేకపోవడం, గాయమైన వెంటనేను, వైద్యుని ఎదుటను కూడా నాలుగడుగులు వేయలేకపోవడం. వీటిలో ఒకటి ఉన్నా ఎక్స్‌రే తీయించవలెను.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, ఇక ఆడవచ్చు" అనే మాట తరచు వింటున్నాము. ఎక్స్‌రేలో ఎముకలు కానవస్తాయి. లిగమెంట్లు, మెనిస్కస్‌లు కానరావు. అనుభవం గల వైద్యుడు చేతితో కదిపి చూసి లిగమెంటు స్థితిని చాలవరకు గ్రహించగలడు. అవసరమైనపుడు ఎమ్.ఆర్.ఐ. పరీక్ష చేయిస్తాడు. వాపు ఎక్కువగా ఉన్న మొదటి రోజున పరీక్ష కష్టం గనుక, వారం లోపల మరల చూపించుకోవడం మంచిది.

శస్త్రచికిత్స, పునరాగమనము

ఏ.సి.ఎల్. తెగిన ప్రతివారికీ శస్త్రచికిత్స తప్పదా? స్వీడన్‌లో 121 మంది యువకులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2010లో వెలువడినాయి. వెంటనే శస్త్రచికిత్స పొందినవారిని, మొదట వ్యాయామ చికిత్స చేసి అవసరమైతేనే శస్త్రచికిత్సకు వెళ్ళినవారిని పోల్చగా, రెండేళ్ళ అనంతరం ఇరు వర్గాల స్థితి ఇంచుమించు సమానంగానే ఉన్నది. రెండవ వర్గంలోని 59 మందిలో 23 మంది ఆ రెండేళ్ళలో శస్త్రచికిత్స చేయించుకొన్నారు. మిగిలినవారికి అది అవసరం రాలేదు. కనుక ఖర్చుకు వెరచి ఇంట్లో కూర్చోవడం గాని, తొందరపడి కోతకు సిద్ధపడడం గాని తగదు. ఆట స్వభావం, మోకాలి నిలుకడ, మెనిస్కస్ స్థితి చూసి వైద్యునితో కలిసి నిర్ణయించుకోవలెను.

రెండు మార్గాలలోను వ్యాయామం తప్పదు. కాలు చాపి, మోకాలి క్రింద మడిచిన తువాలు పెట్టి, తొడ కండరం బిగించి ఐదు సెకన్లు క్రిందికి నొక్కి వదలడం ఈ వ్యాయామాలలో మొదటిది. చూడడానికి అల్పంగా ఉన్నా, గాయపడిన వెంటనే క్షీణించే తొడ కండరాన్ని నిలబెట్టేది ఇదే. శస్త్రచికిత్స అనంతరం కనీసం తొమ్మిది నెలలు నిండక ముందు మెలికల ఆటలకు దిగినవారిలో తిరిగి గాయపడడం ఎక్కువని 2016లో ప్రచురితమైన నార్వే పరిశోధన చూపినది. నెలలు నిండడమే చాలదు. వాపు ఉండకూడదు, మోకాలు పూర్తిగా వంగి చాపడానికి రావలెను, ఆ కాలి బలం రెండవ కాలి బలంలో నూటికి 90 వంతులైనా ఉండవలెను.

నిరాశ చెందినవారికి మన తెలుగుగడ్డ మీదనే ఒక దృష్టాంతం ఉన్నది. ప్రకాశం జిల్లాలో జన్మించిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో పూనా జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుతుండగా ఏ.సి.ఎల్. తెగినది. ఒకటికి మించి శస్త్రచికిత్సలు జరిగినాయి. ఏడేళ్ళ తరువాత 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయినారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తరువాత ఆ ఘనత సాధించిన భారతీయుడు ఆయనే. హైదరాబాదులో శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2016లో మోకాలి శస్త్రచికిత్స చేయించుకొని, 2017లో గ్లాస్గో ప్రపంచ పోటీలలో కాంస్య పతకం గెలిచినారు. తన మోకాళ్ళకు ఆర్థరైటిస్ వచ్చినదని 2024లో ఆమెయే చెప్పినారు. మోకాలు ఓర్చుకొంటుంది, కాని ఆ ఓర్పుకు హద్దు ఉన్నది.

నివారణ

ఫుట్‌బాల్ ప్రపంచ సమాఖ్య అయిన ఫిఫా 2006లో పదకొండు ప్లస్ అనే సన్నాహ వ్యాయామాల క్రమాన్ని రూపొందించినది. నెమ్మది పరుగు, బలానికి, నిలుకడకు, దుముకుడుకు సంబంధించిన కసరత్తులు, పిదప వేగపు పరుగు, ఇవి ఇందులోని భాగాలు. మొత్తం 20 నిమిషాల పని. ఒక బంతి తప్ప పరికరం అక్కరలేదు. నార్వే బాలికల ఫుట్‌బాల్ జట్లలో దీనిని పరీక్షించగా గాయాలు సుమారు మూడింట ఒక వంతు తగ్గినాయని 2008లో ప్రకటించినారు.

దీనిలోని సారాంశం ఏ ఆటకైనా వర్తిస్తుంది. ఎగిరి దిగునపుడు మోకాళ్ళు వంచి మెత్తగా దిగవలెను. మోకాళ్ళు లోపలికి వాలక పాదాలకు సూటిగా ఉండవలెను. ఒంటికాలిపై నిలిచే అభ్యాసం చేయవలెను. హఠాత్తుగా మళ్ళుటకు బదులు చిన్న చిన్న అడుగులతో వేగం తగ్గించి మళ్ళవలెను. ఒకే రకం ఆట ఆడే బాలికలలో ఏ.సి.ఎల్. గాయాలు బాలుర కంటె ఎక్కువగా కలుగుతున్నాయి. అందుచేత వారిని ఆటకు దూరం చేయరాదు. ఈ అభ్యాసాలు వారికి మరింత శ్రద్ధగా నేర్పవలెను.

మా మనవి

మన జీవితమంతా మోకాళ్ళ మీద నడుస్తున్నది. నేలపై బాసింపట్టు వేసి భోజనానికి కూర్చోవడం, నమాజులో సజ్దా చేయడం, బస్సు మెట్లు ఎక్కడం, పొలంలో వంగి పని చేయడం, వీటన్నింటికీ మోకాలు వంగవలెను. మా మిత్రుడు చాలా నెలలు మసీదులో కుర్చీపై కూర్చుని ప్రార్థన చేసినాడు. వృద్ధుల వరుసలో ఇరవై ఏళ్ళవాడు కూర్చుని ఉండగా చూసిన మాకు, ఆనాటి గెలుపు కప్పు మీది మెరుపు కనబడడం మానివేసినది.

పాలకవర్గ పెద్దలకు మా విన్నపం స్వల్పమైనది. ఆటస్థలంలోని గుంటలు పూడ్చి రాళ్ళు ఏరించవలెను. పోటీ జరిగే ప్రతి రోజూ ఒక మంచు పెట్టె, నాలుగు క్రేప్ బ్యాండేజీలు, ఒక స్ట్రెచరు సిద్ధంగా ఉంచవలెను. ఆటకు ముందు 20 నిమిషాల సన్నాహానికి వేళ కేటాయించవలెను. అన్నింటికంటె ముఖ్యంగా, గాయపడిన విద్యార్థిని ఆట నుండి తప్పించే తుది అధికారం ఫిజికల్ డైరెక్టరుగారికి ఉండవలెను. కెప్టెను గాని, ప్రేక్షకులు గాని, గాయపడినవాడు గాని దానిని కాదనరాదు. ఇరవై ఏళ్ళ వయసులో ఎవడూ "నేను ఆడలేను" అని చెప్పడు. వాని తరఫున ఆ మాట చెప్పేవారు ఒకరు ఉండవలెను.

విద్యార్థి మిత్రులారా, ఇక మీదట మీ జట్టువాడు మోకాలు పట్టుకొని కూలబడినపుడు "లే" అనకండి. "కదలకు, మేమున్నాము" అనండి.